మసాలా ఉప్పు ఇంట్లో చేసుకోవడం: ఉప్పు ఎంపిక నుంచి సీసా మూత దాకా

నేను మొదటిసారి చేసిన నిమ్మతొక్క ఉప్పు నాలుగో రోజుకే సీసాలో రాయైపోయింది. చెంచాతో పొడిస్తే చెంచా వంగింది, ఉప్పు కదల్లేదు. నిమ్మ పరిమళం బదులు మగ్గిన తొక్క వాసన. నేను చేసిందల్లా తొక్క తురిమి ఉప్పులో కలిపి, సీసాలో పోసి, మూత గట్టిగా బిగించడమే. ఆ బిగించడమే తప్పని తెలుసుకునేలోగా ఇంకో రెండు సీసాల ఉప్పు చెత్తబుట్టలోకి పోయింది.

సీజనింగ్ సాల్ట్, ఫ్లేవర్డ్ సాల్ట్ అని చిన్న సీసాల్లో అమ్మేది ఇదే. ఉప్పు, వాసన ఇచ్చే ఒక దినుసు, రెండూ కలపడం. పని అంతే. చిక్కంతా తడి దగ్గర ఉంది. ఏ దినుసులోనైనా ఎంతో కొంత నీరు ఉంటుంది. ఆ నీరు పోవాలి, వాసన ఉండాలి. వేడి ఎక్కువ పెడితే నీటితోపాటు వాసనా పోతుంది. వేడి చాలకపోతే వాసనతోపాటు నీరూ మిగులుతుంది. కింద రాసిన పద్ధతులన్నీ ఈ ఒక్క పేచీని తీర్చే రకరకాల దారులు.

ఉప్పు ఎందుకు రాయి కడుతుంది

ఉప్పు గాలిలో తేమ పీలుస్తుందని అందరికీ తెలుసు. ఎప్పుడు పీలుస్తుందన్నదానికి ఒక లెక్క ఉంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటినప్పుడే శుద్ధమైన ఉప్పు పలుకు చెమర్చి కరగడం మొదలవుతుంది. అంతకు తక్కువైతే పొడిగానే ఉంటుంది. శుద్ధి చేయని సముద్రపు ఉప్పులో మాత్రం మెగ్నీషియం క్లోరైడ్ కొద్దిగా కలిసి ఉంటుంది. దానికి 33 శాతం తేమ చాలు, నీరుకారిపోతుంది. ముడి ఉప్పు ఎప్పుడు ముట్టుకున్నా తడితడిగా తగిలేది అందుకే. చక్కెరో సిట్రిక్ యాసిడో ఉప్పుతో కలిపితే, ఆ మిశ్రమం విడిగా ఉన్నప్పటికంటే త్వరగా తేమ లాగుతుంది. తీపి కలిసిన మసాలా ఉప్పులు తొందరగా గడ్డకట్టడంలో వింతేమీ లేదు.

ఇక రాయి కట్టే తీరు. 100 గ్రాముల నీరు దాదాపు 36 గ్రాముల ఉప్పును కరిగించుకోగలదు. తొక్కలోంచో నలిగిన ఆకులోంచో ఊరిన కాసింత నీరు పలుకుల పైపొరను కరిగిస్తుంది. ఆ నీరు ఆరినప్పుడు కరిగిన ఉప్పు మళ్ళీ గట్టిపడుతుంది, కాకపోతే ఈసారి రెండు పలుకుల మధ్య ఇరుక్కుని సిమెంటులా పట్టేస్తుంది. ఈ అతుకులు చిన్నగా ఉన్నప్పుడే విరిచేస్తే గొడవ లేదు. ఆరబెట్టేటప్పుడు మధ్యమధ్యలో కలియబెట్టమని ప్రతి పద్ధతిలోనూ చెప్పబోయేది ఇందుకే. నా సీసాలో జరిగిందీ ఇదే: నీరు బయటికి పోయే దారి మూసేసి, సిమెంటు పనికి నేనే మూత పెట్టాను.

ఏ ఉప్పు తీసుకోవాలి

మామూలు మెత్తటి ఉప్పు చవకగా, ఏకరీతిగా ఉంటుంది. గడ్డకట్టకుండా అందులో కాల్షియం సిలికేట్, సిలికాన్ డయాక్సైడ్ లాంటివి చాలావరకు ముందే కలిపి ఉంటాయి. ఎండు పొడులతో చేసే ఉప్పుకి ఇదే నా ఎంపిక. మెత్తటి పొడులు మెత్తటి ఉప్పుతోనే సరిగ్గా కలుస్తాయి.

తొక్కలు, ఆకులు, వైన్ లాంటి తడి సరుకుకి గళ్ళ ఉప్పు లేదా గరుకు సముద్రపు ఉప్పు మేలు. పలుకు పెద్దది కాబట్టి కొంత కరిగినా మిగతాది నిలుస్తుంది. రేకుల ఉప్పు, అంటే పల్చగా, లోపల బోలుగా ఉండే పలుకులది, వడ్డించేముందు పైన చల్లడానికి బాగుంటుంది. దాన్ని మిక్సీలో వేస్తే రేకు రూపం పోయి ఖరీదైన మామూలు ఉప్పు మిగులుతుంది. అలాంటిదాన్ని చేత్తోనే కలపాలి.

గులాబీ రంగు రాతి ఉప్పు వాడుకోవచ్చు. దాని రంగు ఇనుము ఆక్సైడ్ వల్ల వచ్చింది, రుచిలో తేడా అంతంత మాత్రమే. కాకపోతే ఇక్కడ ఒక జాగ్రత్త. మాంసం నిల్వ చేయడానికి అమ్మే క్యూరింగ్ సాల్ట్ కూడా గులాబీ రంగులోనే ఉంటుంది. వాటిలో ఒక రకంలో 6.25 శాతం సోడియం నైట్రైట్ ఉంటుంది. పొరపాటున దాన్ని చల్లుకు తింటే ప్రాణం మీదికి వస్తుంది. ప్యాకెట్ మీద పేరు చదవకుండా గులాబీ ఉప్పు ఏదీ వాడకండి.

అయోడిన్ సంగతి కూడా చెప్పాలి. అయోడైజ్డ్ ఉప్పుతో మసాలా ఉప్పు నిక్షేపంగా చేసుకోవచ్చు. అయితే వేడికీ తేమకూ అందులోని అయోడిన్ కొంత తగ్గుతుంది. ఇంట్లో ఉప్పంతా అయోడిన్ లేని రకాలకు మార్చేస్తే మాత్రం ఆ పోషకం వేరే ఆహారం నుంచి అందుతోందో లేదో చూసుకోవాలి.

చెంచాలు పక్కన పెట్టి తూకం తీయండి

ఒక టీస్పూను మెత్తటి ఉప్పు దాదాపు 6 గ్రాములు. అదే టీస్పూనుతో రేకుల ఉప్పు కొలిస్తే 3 గ్రాములు కూడా తూగకపోవచ్చు. చెంచా లెక్కన రాసిన కొలత ఒకరి వంటింట్లో సరిపోయి ఇంకొకరి వంటింట్లో నోట పెట్టుకోలేనంత ఉప్పగా మారేది ఇక్కడే. గ్రాము తేడా చూపించే చిన్న కిచెన్ త్రాసు ఉంటే సగం సమస్యలు తీరతాయి. కింద కొలతలన్నీ 100 గ్రాముల ఉప్పుకి:

- ఎండు మసాలా పొడులు: 20 నుంచి 50 గ్రాములు
- నిమ్మ, నారింజ తొక్క తురుము: 10 నుంచి 15 గ్రాములు (రెండు నిమ్మకాయల పైతొక్క)
- ఘాటైన పచ్చి ఆకులు (రోజ్‌మేరీ, థైమ్): 15 నుంచి 20 గ్రాములు
- మెత్తటి పచ్చి ఆకులు (కొత్తిమీర, పుదీనా): 30 నుంచి 40 గ్రాములు
- పచ్చి వెల్లుల్లి: 20 నుంచి 25 గ్రాములు
- ఎండు పుట్టగొడుగు పొడి: 15 నుంచి 20 గ్రాములు

మొదటిసారి 100 గ్రాములకు మించి చేయకండి. నచ్చని ఉప్పు అరకిలో ఉంటే దాన్ని ఖాళీ చేసేసరికి ఏడాది పడుతుంది.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. చిన్న రోలు లేదా మిక్సీ, సన్న తురుముడు పీట, జల్లెడ, వెడల్పాటి పళ్ళెం, బేకింగ్ పేపర్, గాజు సీసాలు. అల్యూమినియం పళ్ళెం మీద తడి ఉప్పు నేరుగా పోస్తే లోహం తినేస్తుంది, కింద పేపర్ తప్పనిసరి. మిక్సీ ప్లాస్టిక్ జార్‌లో ఉప్పు తిప్పితే గోడలన్నీ గీతలు పడి మసకబారతాయి. స్టీలు జార్ వాడండి, పని కాగానే కడిగేయండి.

ఎండు దినుసులతో: ఇక్కడ మొదలుపెట్టండి

తడి బాధ దాదాపు లేనిది ఇదొక్కటే. చెయ్యి తిరగడానికి ఇదే సరైనది.

1. మిరియాలు, ధనియాలు, జీలకర్ర, సెలెరీ గింజలు లాంటి గింజ దినుసుల్ని పొడి మూకుడులో సన్న సెగ మీద దోరగా వేయించండి. వాసన రాగానే దింపేయాలి. రంగు మారేదాకా ఆగితే చేదెక్కుతుంది.
2. పళ్ళెంలో పోసి పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద పొడి కొడితే జార్‌లో ఆవిరి పట్టి, ఆ చెమ్మ ఉప్పులోకే పోతుంది. తొందరపడి నేను చెడగొట్టుకున్నవన్నీ ఈ మెట్టు దగ్గరే.
3. దినుసుల్ని విడిగా పొడి కొట్టి జల్లించండి. పైన మిగిలిన పొట్టును మళ్ళీ తిప్పండి.
4. ఉప్పు చివర్లో కలిపి రెండు మూడు సార్లు మాత్రమే మిక్సీ తిప్పండి, లేదా గిన్నెలో చెంచాతో కలపండి.

ఉప్పు పలుకూ మసాలా పొడీ దాదాపు ఒకే సైజులో ఉండాలన్నది చాలామంది పట్టించుకోని విషయం. సీసాను కదిపిన ప్రతిసారీ సన్నటిది సందుల్లోంచి కిందికి జారుతుంది, పెద్దది పైకి తేలుతుంది. గళ్ళ ఉప్పులో మెత్తటి మిరప్పొడి కలిపితే పది రోజుల తర్వాత పైన చప్పటి ఉప్పు, అడుగున మంటపెట్టే కారం. చల్లిన వాళ్ళకి ఏ రోజు ఏ రుచి వస్తుందో తెలియదు.

దేనిమీదైనా చల్లుకోదగ్గ ఒక మిశ్రమం ఇది: మెత్తటి ఉప్పు 100 గ్రాములు, కారం తక్కువున్న ఎర్ర మిరప్పొడి 12 గ్రాములు, వెల్లుల్లి పొడి 8, ఉల్లిపాయ పొడి 8, మిరియాల పొడి 5, సెలెరీ గింజల పొడి 2. మొత్తం 135 గ్రాములు, అందులో ఉప్పు సుమారు 74 శాతం. బంగాళాదుంప వేపుడు, గుడ్లు, కాల్చిన మొక్కజొన్న, దేనికైనా నప్పుతుంది. పాప్‌కార్న్‌కి అయితే దీన్ని ఇంకోసారి మిక్సీలో తిప్పి పిండిలా చేయండి. పెద్ద పలుకు పాప్‌కార్న్ మీద నిలవదు, గిన్నె అడుగుకు చేరుతుంది.

తొక్కలతో

ముందు పేరు గురించి. నిమ్మ ఉప్పు అని అడిగితే తెలుగులో చాలామంది సిట్రిక్ యాసిడ్ ఇస్తారు. నేను చెప్పేది అది కాదు, కాబట్టి దీన్ని నిమ్మతొక్క ఉప్పు అంటున్నాను. ఆ సిట్రిక్ యాసిడ్‌తోనూ పని ఉంది, చివర్లో వస్తుంది.

నిమ్మ పరిమళమంతా పైన ఉండే పసుపు పొరలో, సూదిమొనంత నూనె తిత్తుల్లో ఉంటుంది. కింది తెల్ల పొరలో చేదు తప్ప ఏమీ లేదు. సన్న తురుముడు పీట మీద కాయను తేలిగ్గా, ఒక్కో చోట ఒకటి రెండు గీతలకు మించకుండా తిప్పుతూ తురమండి. కాయను ముందు వేడినీళ్ళతో తోమి కడిగి, పూర్తిగా తుడవాలి. కొన్ని కాయలకు మెరుపు కోసం మైనం పూత ఉంటుంది, అది మామూలు కడుగుడుకు పోదు.

1. 100 గ్రాముల గరుకు ఉప్పులో తురుము వేసి వేళ్ళతో ఒక నిమిషం నలపండి. ఉప్పు పలుకుల అంచులు నూనె తిత్తుల్ని చిట్లగొడతాయి. ఉప్పు లేతపసుపు రంగుకు మారి తడి ఇసుకలా అవుతుంది. మంచి గుర్తు.
2. బేకింగ్ పేపర్ మీద అర సెంటీమీటరు మందానికి మించకుండా పరచండి.
3. ఎక్కువ పరిమళం కావాలంటే గాలి ఆడే నీడలో ఫ్యాను కింద ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి. తొందరుంటే ఓవెన్‌ను దాని కనిష్ఠ వేడిలో, 80 నుంచి 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెట్టి, తలుపు కొద్దిగా తెరిచి అరగంట నుంచి ముప్పావు గంట ఉంచండి. ఎటు చేసినా మధ్యమధ్యలో వేళ్ళతో ఉండలు చిదమాలి.
4. చల్లారాక తురుము ముక్కను వేళ్ళ మధ్య నలపండి. పొడిగా చిట్లితే అయినట్టు. వంగితే ఇంకా ఆరాలి. వేడి మీద చూస్తే అన్నీ మెత్తగానే తగులుతాయి, మోసపోకండి.

వేడి వల్ల ఉప్పుకొచ్చే నష్టమేమీ లేదు, అది కరగాలంటే 801 డిగ్రీలు కావాలి. నష్టపోయేది తొక్క నూనె. ఓవెన్ దగ్గర నిలబడితే వంటిల్లంతా నిమ్మ వాసన కమ్ముకుంటుంది, హాయిగానే ఉంటుంది గానీ అదంతా మీ ఉప్పులోంచి పోతున్నదే. అందుకే వర్షం లేని రోజుల్లో నేను ఓవెన్ జోలికి పోను.

ఇక పులుపు. తొక్కలో వాసనే ఉంటుంది, పులుపు రసంలో ఉంటుంది. నాలుక మీద నిమ్మకాయే తగలాలంటే పూర్తిగా ఆరిన ఉప్పులో 1 లేదా 2 గ్రాముల సిట్రిక్ యాసిడ్ పొడి కలపండి. రసం పిండే పని పెట్టుకోవద్దు. రెండు చెంచాల రసం ఆరడానికి రోజులు పడుతుంది, ఈలోగా సగం ఉప్పు అతుక్కుంటుంది.

పచ్చి ఆకులతో

రోజ్‌మేరీ, థైమ్, సేజ్ లాంటి గట్టి ఆకులు ఆరినా వాసన నిలుపుకుంటాయి. ఎండు ఆకులతో చేసుకున్నా ఫరవాలేదు. కొత్తిమీర, పుదీనా, బేసిల్ మాత్రం ఎండితే గడ్డివాసన మిగులుతుంది. వీటిని పచ్చిగా ఉప్పుతో కలిపి నూరితే కొంత నయం, ఎందుకంటే నలిగినప్పుడు వచ్చిన నూనె ఉప్పు పలుకులకు పట్టి ఉంటుంది.

ఆకుల్ని కడిగిన తర్వాత బట్ట మీద పరిచి, పైన ఒక్క నీటి చుక్క కూడా లేకుండా ఆరనివ్వండి. ఆకులోపలి నీరే చాలా ఎక్కువ, పైనుంచి ఇంకా ఇవ్వకూడదు. కాడలు తీసేసి, సగం ఉప్పుతో ఆకుల్ని మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. పచ్చటి తడి పొడి వచ్చాక మిగతా ఉప్పు కలిపి పల్చగా పరచండి. ఎండలో పెట్టొద్దు, రంగు వెలిసిపోతుంది. నీడలో ఒక రాత్రి, గాలిలో తేమ ఉంటే రెండు రాత్రులు.

బేసిల్ నల్లబడుతుంది. ఆకు నలగ్గానే అందులోని ఎంజైములు గాలితో కలిసి రంగు మార్చేస్తాయి. మరిగే నీళ్ళలో పది సెకన్లు ముంచి, వెంటనే ఐసు నీళ్ళలో వేసి, పిండి, ఆరబెట్టి వాడితే పచ్చగా ఉంటుంది, కానీ కొంత వాసన నీళ్ళపాలవుతుంది. నన్నడిగితే బేసిల్ ఉప్పు కష్టానికి తగ్గ ఫలితం ఇవ్వదు. అంతగా కావాలంటే కొద్దిగా చేసి, ఫ్రిజ్‌లో పెట్టి, రెండు వారాల్లో వాడేయండి.

వెల్లుల్లితో, అల్లంతో

పచ్చి వెల్లుల్లి ఉప్పుకీ, అంగట్లో దొరికే పొడితో చేసిన ఉప్పుకీ పోలికే లేదు. వెల్లుల్లి రెబ్బ కోయనంత సేపూ ఘాటుండదు. నలిగినప్పుడే లోపలి ఎంజైము పనిచేసి అల్లిసిన్ అనే ఘాటు పదార్థం పుడుతుంది. కాబట్టి రెబ్బల్ని దంచి, ఐదు పది నిమిషాలు వదిలేసి, ఆ తర్వాత ఉప్పు కలపండి.

25 గ్రాముల వెల్లుల్లిలో 15 గ్రాముల దాకా నీరుంటుంది. అది 5 గ్రాముల ఉప్పును కరిగించుకుంటుంది. మిగతా 95 గ్రాములు పలుకుగానే ఉంటాయి. ఈ లెక్క తెలిస్తే కలిపిన వెంటనే తడిముద్దలా కనపడినా కంగారుండదు. పల్చగా పరిచి, ఓవెన్‌లో 70 నుంచి 80 డిగ్రీల దగ్గర గంటన్నర నుంచి రెండు గంటలు, ప్రతి ఇరవై నిమిషాలకు కలియబెడుతూ ఆరబెట్టండి. తర్వాత మిక్సీలో ఒకసారి తిప్పితే ఉండలన్నీ విడిపోతాయి. 100 డిగ్రీలు దాటనివ్వకండి. వెల్లుల్లి గోధుమరంగుకు తిరిగిందంటే చేదు ఖాయం. అల్లానికీ ఇదే పద్ధతి. పీచు అడ్డం పడకుండా ముందు తురిమి వాడాలి. పచ్చిమిర్చి అయితే గింజలు తీసి, చేతికి గ్లవ్స్ వేసుకుని తరగండి, ఆరబెట్టేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి. దగ్గు మొదలైతే ఆగదు.

పచ్చి వెల్లుల్లి నిల్వ అనగానే బొటులిజం (ఆహారంలో పెరిగే ఒక బాక్టీరియా విషం వల్ల వచ్చే ప్రాణాంతకమైన జబ్బు) భయం వస్తుంది, రావాలి కూడా. వెల్లుల్లిని నూనెలో ముంచి గది వేడిలో రోజుల తరబడి ఉంచడం నిజంగా ప్రమాదకరం. ఉప్పు సంగతి వేరు. ఆ బాక్టీరియా 10 శాతం ఉప్పున్న నీటిలోనే పెరగలేదు, మన మిశ్రమంలో ఉన్న కాస్త నీరూ ఉప్పుతో నిండిపోయి 26 శాతం దగ్గర ఉంటుంది. ఉప్పు తగ్గించి వెల్లుల్లి పెంచిన పేస్టుకి మాత్రం ఈ ధీమా వర్తించదు. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపే వాడాలి.

పుట్టగొడుగు ఉప్పు

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, పైగా అందరికంటే సోమరులు చేసుకోగలిగేదీ ఇదే. ఎండు షిటాకే పుట్టగొడుగుల్ని కరకరలాడే దాకా మూకుడులో రెండు నిమిషాలు వెచ్చబెట్టి, చల్లార్చి, పొడి కొట్టి, 100 గ్రాముల ఉప్పుకి 15 నుంచి 20 గ్రాములు కలపండి. అయిపోయింది.

రుచి ఎందుకంత గాఢంగా ఉంటుందంటే, ఎండు షిటాకేలో గ్వానిలేట్ అనే పదార్థం ఉంటుంది. 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా కొంబు అనే సముద్రపు పాచి నుంచి గ్లుటమేట్‌ను వేరుచేసి, దాన్నుంచి వచ్చే గాఢమైన రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. గ్లుటమేట్, గ్వానిలేట్ కలిస్తే ఒకదాని బలం ఇంకొకటి ఎన్నో రెట్లు పెంచుతుంది. గ్లుటమేట్ టమాటాలో కూడా బాగా ఉంటుంది కాబట్టి, ఎండు టమాటా పొడి 5 గ్రాములు ఈ ఉప్పులో కలిపి చూడండి. సూపులో చిటికెడు చాలు. టమాటా పొడి తేమను బాగా పీలుస్తుంది, అందుకని అది కలిపినది చిన్న సీసాలోనే పెట్టుకోండి.

వైన్, బీట్‌రూట్

ద్రవంతో చేసే ఉప్పులు చూడ్డానికి అందంగా ఉంటాయి. ఒక 750 మిల్లీలీటర్ల రెడ్ వైన్ సీసాను సన్న సెగ మీద మూడు నాలుగు టేబుల్ స్పూన్ల చిక్కటి పాకం మిగిలేదాకా మరిగించి, 200 గ్రాముల గరుకు ఉప్పులో కలిపి, పల్చగా పరిచి ఆరబెట్టాలి. చివరి ఐదు నిమిషాలు పక్కనే ఉండండి, చూస్తుండగానే మాడిపోతుంది. బీట్‌రూట్ రసంతోనూ ఇలాగే చేయవచ్చు. ముదురు గులాబీ రంగు వస్తుంది, వెలుతురు తగిలితే నెమ్మదిగా వెలిసిపోతుంది. ఉప్పు అంతా ఒకేసారి తడిసి ముద్దైతే, ఆ ద్రవం ఎక్కువైనట్టు. ఇంకొంచెం ఉప్పు చేర్చడమే దారి.

పొగ ఉప్పు

ఆరుబయట మూతపెట్టే గ్రిల్ ఉన్నవాళ్ళకి ఇది సులువు. ఓక్, ఆపిల్, హికరీ లాంటి గట్టి చెక్కముక్కల పొగలో, నిప్పుకి దూరంగా, గరుకు ఉప్పును పల్చగా పరిచి పెట్టాలి. పైన్ లాంటి జిగురు చెట్ల చెక్క వద్దు, మసి చేదు పడుతుంది. ఉప్పు మీద కొంచెం నీళ్ళు చిలకరిస్తే పొగ బాగా పట్టుకుంటుంది. అరగంటకోసారి కలుపుతూ రెండు గంటలు ఉంచితే లేత పొగ, నాలుగైదు గంటలు ఉంచితే గాఢమైన పొగ.

గ్రిల్ లేకపోతే మూతున్న పాత ఇనుప మూకుడు చాలు. అడుగున ఫాయిల్ పరిచి, టీ ఆకు రెండు టేబుల్ స్పూన్లు, బియ్యం రెండు, చక్కెర ఒకటి వేసి, పైన చిన్న జాలీ మీద ఫాయిల్ గిన్నెలో ఉప్పు పెట్టండి. పొగ మొదలయ్యాక మూతపెట్టి సన్న సెగ మీద పది నిమిషాలు, కట్టేశాక మరో ఇరవై నిమిషాలు అలాగే ఉంచండి. నాన్‌స్టిక్ గిన్నెతో ఈ పని చేయకూడదు, ఖాళీ గిన్నె అంత వేడికి పూత చెడిపోతుంది. కిటికీలన్నీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకోండి. బొగ్గుల కుంపటి మాత్రం ఇంట్లోకి తేవద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషిని చంపగలదు.

సీసాలో నింపే ముందు పరీక్ష

ఉప్పు ఆరిందనుకున్నాక గాజు సీసాలో మూడొంతులు నింపి, మూతపెట్టి, ఒక రాత్రి వదిలేయండి. పొద్దున గాజు లోపల మసక చెమ్మ పట్టినా, సీసా వంచినప్పుడు ఉప్పు ఒక్క ముద్దలా జరిగినా, తడి ఇంకా ఉందన్నమాట. మళ్ళీ పళ్ళెంలో పరిచి ఆరబెట్టండి. ఈ ఒక్క రాత్రి ఓపిక నాకు మొదట్లో ఉండి ఉంటే మూడు సీసాలు మిగిలేవి.

మూత ప్లాస్టిక్‌దో, బెండుదో, రబ్బరు వాయిసరు ఉన్న గాజుదో అయితే మంచిది. ఇనుప మూతను ఉప్పు నెమ్మదిగా తుప్పు పట్టిస్తుంది. సీసాలో బియ్యం గింజలు వేసే అలవాటు చాలామందికి ఉంది, కొంచెం పనికొస్తుంది. ఆహారానికి వాడదగ్గ సిలికా జెల్ పొట్లం అంతకంటే బాగా పనిచేస్తుంది. పొయ్యి పక్కన పెట్టకండి. ఉడుకుతున్న గిన్నె మీద సీసా వంచి చల్లకండి, ఆవిరి తిన్నగా సీసాలోకి పోతుంది. వేరే చిన్న గిన్నెలోకి తీసుకుని చల్లండి.

ఎండు దినుసుల ఉప్పు ఆరు నెలల నుంచి ఏడాది దాకా బాగుంటుంది. తొక్కలవి రెండు మూడు నెలలు, పచ్చి ఆకులవి రెండు నెలలు. ఆ తర్వాత పాడైపోదు, వాసన మాత్రం తగ్గుతుంది. ఉప్పు చెడదు, దాంతో ఉన్నది వెళ్ళిపోతుంది. బూజు చుక్కలు కనపడితే మాత్రం ఏరి వాడే ప్రయత్నం చేయకుండా మొత్తం పారేయండి. పొగ ఉప్పును మిగతావాటికి దూరంగా ఉంచండి, లేదంటే నెల తిరిగేసరికి నిమ్మతొక్క ఉప్పూ పొగ ఉప్పే అవుతుంది.

రాయి కట్టిన ఉప్పును పారేయక్కర్లేదు. ముక్కలు చేసి ఓవెన్‌లో సన్న వేడి మీద ఆరబెట్టి, మిక్సీలో తిప్పి జల్లించండి. వాసన తగ్గితే కొత్త దినుసు కొంచెం చేర్చండి. మరీ ఉప్పగా అనిపిస్తే ఉప్పు లేని మసాలా పొడి కలపడమే మార్గం, నీళ్ళతో ఏదీ సరికాదు.

ఎప్పుడు, ఎంత చల్లాలి

కూర ఉడుకుతున్నప్పుడు నిమ్మతొక్క ఉప్పు వేస్తే మీరు రెండు రోజులు కాపాడిన పరిమళం రెండు నిమిషాల్లో ఆవిరితో పోతుంది. తొక్కలు, ఆకులు, పొగ ఉప్పులు దింపాకో వడ్డించేముందో వేయాలి. పుచ్చకాయ ముక్కల మీద నిమ్మతొక్క ఉప్పు, ఉడికించిన గుడ్డు మీద పొగ ఉప్పు చల్లి చూడండి. వెల్లుల్లి, పుట్టగొడుగు, ఎండు మసాలా ఉప్పులు వంట మధ్యలో వేసినా తట్టుకుంటాయి.

కొలత తేలిక. సాధారణంగా కూరగాయలకు బరువులో ఒక శాతం ఉప్పు సరిపోతుంది, అంటే అరకిలోకి 5 గ్రాములు. మీ మిశ్రమంలో ఉప్పు 80 శాతమైతే 6 గ్రాములకు కొంచెం పైగా వేయాలి. ఇంట్లో అప్పటికే మామూలు ఉప్పు వేసి ఉంటే మసాలా ఉప్పు అదనం కాకుండా దాని బదులు అయ్యేలా చూసుకోండి. పెద్దవాళ్ళు రోజుకి 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అది ఒక టీస్పూను కూడా కాదు. రక్తపోటు ఉన్నవాళ్ళ కోసం చేస్తుంటే మసాలా, ఉప్పు సమానంగా కలపండి. సోడియం తగ్గించడానికి పొటాషియం క్లోరైడ్ కలిసిన ఉప్పు వాడాలనుకుంటే, కిడ్నీ జబ్బున్నవాళ్ళు, పొటాషియం పెంచే మందులు వాడుతున్నవాళ్ళు ముందు డాక్టర్ని అడగాలి.

ఎవరికైనా సీసా కట్టి ఇస్తుంటే పేరు, చేసిన తేదీ, అందులో ఉప్పు ఎంత శాతమో చిన్న చీటీ మీద రాసి అంటించండి. నేను చీటీ లేకుండా ఇచ్చిన పుట్టగొడుగు ఉప్పును ఒకరు సూపు పొడి అనుకుని నాలుగు చెంచాలు కలిపేశారు.